రెండు రూల్స్ కలిసే చోట: చరిత్ర గేముల్లో లొసుగులు

(ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో తెలుగు కుర్రాళ్లు పెట్టుకున్న ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది, మాటలు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో మాస్టార్లు కూర్చున్నారు, వెనక వరసల్లో నాతో పాటు రాత్రుళ్లు గేములాడే తమ్ముళ్లు కూర్చున్నారు, ఇద్దరికీ ఒకేసారి అర్థమయ్యేలా చెప్పడం కొంచెం కష్టమే గానీ చూద్దాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి గ్రాంథికంలో మాట్లాడమని ఎవరూ అడగరు, ఆ ధైర్యమొకటి ఉంది.

మాస్టార్ల కోసం రెండు ముక్కలు. గ్రాండ్ స్ట్రాటజీ గేమ్ అంటే తుపాకీ పట్టుకుని పరిగెత్తే ఆట కాదు. తెర మీద ప్రపంచ పటం ఉంటుంది, మీరు ఒక రాజ్యాన్ని ఎంచుకుంటారు, పన్నులు, పెళ్లిళ్లు, అప్పులు, యుద్ధాలు, సంధులు అన్నీ మీరే చూసుకోవాలి. స్వీడన్‌లో పారడాక్స్ అనే కంపెనీ ఉంది, ఈ రకం ఆటలకి పెట్టింది పేరు. వాళ్లు 2013లో విడుదల చేసిన యూరోపా యూనివర్సాలిస్ 4 అనే ఆట 1444 నవంబర్ 11న మొదలై 1821 దాకా నడుస్తుంది. పేరులో యూరప్ ఉన్నా పటంలో మనమూ ఉన్నాం. 1444 అంటే కటకంలో కపిలేంద్ర గజపతి రాజ్యం చేస్తున్న రోజులు. మన పర్లాకిమిడి గజపతులు గంగవంశం అని చెప్పుకుంటారు, ఆటలో ఉన్న గజపతులు సూర్యవంశం, ఈ సంగతి నేను చెప్పకపోతే మాస్టారు లేచి చెప్పేలా ఉన్నారు కాబట్టి ముందే చెప్పేశాను.

ఇవాళ నేను మాట్లాడేది ఈ ఆటల్లో లొసుగుల గురించి. చీట్ కోడ్ల గురించి కాదు, హ్యాకింగ్ గురించి అసలే కాదు. ఆట తయారు చేసినవాళ్లు రాసిన రూల్స్‌ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తూనే, వాళ్లు కలలో కూడా అనుకోని ఫలితం రాబట్టడం గురించి. చాలామంది అనుకునేదేమిటంటే ఎవడో ప్రోగ్రామర్ ఒక రూల్ తప్పు రాశాడు, అందుకే లొసుగు వచ్చింది అని. అలాంటివీ ఉంటాయి, వాటిని మర్నాడే ప్యాచ్ వేసి సరిచేస్తారు, వాటిలో పెద్ద విశేషం లేదు. అసలైన లొసుగు ఒక రూల్‌లో ఉండదు. రెండు రూల్స్, విడివిడిగా చూస్తే రెండూ సబబైనవే, రెండూ ఆలోచించి రాసినవే, అవి ఒకదానికొకటి తగిలే చోట ఉంటుంది.

మన ఊళ్లో ఇది ఎవరికీ వివరించక్కర్లేదు. ఆంధ్రాలో పెట్రోల్ మీద పన్ను ఎక్కువ, ఒడిశాలో తక్కువ. ఆంధ్రా ప్రభుత్వం లెక్క ఆంధ్రాది, ఒడిశా లెక్క ఒడిశాది, ఎవరి లెక్కా తప్పు కాదు. కానీ సాయంత్రం పూట అటువైపు ఆంధ్రాలోని పాతపట్నం బళ్లన్నీ ఎక్కడ ట్యాంకు నింపుకుంటున్నాయో చూడండి. సరిహద్దులో బంకు పెట్టినవాడు దొంగతనం చేయలేదు, ఏ చట్టమూ మీరలేదు, రెండు పన్నులు కలిసే చోటు ఎక్కడుందో చూసి అక్కడ స్థలం కొన్నాడు, అంతే.

సరే, ఆటలోకి వద్దాం. కపిలేంద్రుడితోనే మొదలెడదాం. ఆయన బిరుదేమిటి, గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట కలవర్గేశ్వర. అంటే బెంగాల్‌నీ, విజయనగరాన్నీ, బహమనీలనీ ముగ్గురినీ ఢీకొట్టినవాడు. ఆటలో మీరూ ఆ పని మొదలెట్టారనుకోండి. ఒక్కో జిల్లా లాక్కున్న కొద్దీ చుట్టుపక్కల రాజ్యాలకి మీ మీద ఒక లెక్క పెరుగుతుంది, అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ అంటారు, మేం ఏఈ అంటాం. ఒక రాజ్యానికి మీ మీద ఏఈ 50 దాటితే, అలా దాటిన వాళ్లందరూ కలిసి మీకు వ్యతిరేకంగా కోయలిషన్, అంటే యుద్ధకూటమి కట్టొచ్చు. ఇది ఆటకి ప్రాణం లాంటి రూల్. ఇది లేకపోతే మొదటి యాభై ఏళ్లలోనే ఆట అయిపోతుంది.

ఇంకో రూల్ ఉంది. యుద్ధం అయ్యాక సంధి చేసుకుంటే ఇద్దరి మధ్య ట్రూస్ వస్తుంది, 5 నుంచి 15 ఏళ్ల దాకా. ఓడినవాడి నుంచి ఎంత ఎక్కువ పిండితే ట్రూస్ అంత పొడుగు. ఆ గడువులో మళ్లీ యుద్ధం ప్రకటిస్తే మీ రాజ్యం స్థిరత్వం ఘోరంగా పడిపోతుంది. ఎందుకు పెట్టారు ఇది? ఓడినవాడికి ఊపిరి పీల్చుకునే టైం ఇద్దామని. దయతో పెట్టిన రూల్.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. మీతో ట్రూస్‌లో ఉన్న రాజ్యం మీ మీద కట్టిన కోయలిషన్‌లో చేరలేదు. న్యాయంగానే ఉంది కదా, సంధి చేసుకున్నవాడు యుద్ధకూటమిలో ఎలా చేరతాడు? కానీ ఆటగాడు ఏం చేస్తాడంటే, బెంగాల్ కోపంగా ఉంది, ఏఈ 65 ఉంది, రేపో మాపో కోయలిషన్ కట్టేలా ఉంది అని తెలిసిన రోజున బెంగాల్ జోలికి నేరుగా పోడు, బెంగాల్‌తో పొత్తు ఉన్న ఒక చిన్న రాజ్యాన్ని చూసి దాని మీద యుద్ధం ప్రకటిస్తాడు, పొత్తు కాబట్టి బెంగాల్ తానే నడుచుకుంటూ వస్తుంది, దాన్ని ఓడించి విడిగా సంధి చేసుకుని, భూమి ఒక్క సెంటు కూడా అడగకుండా డబ్బు, నష్టపరిహారం, పొత్తుల రద్దు, ఇలాంటివే తీసుకుంటాడు. డబ్బు తీసుకుంటే ఏఈ పెరగదు. కానీ ట్రూస్ మాత్రం వస్తుంది, సుమారు పదేళ్లు అనుకోండి. ఏఈ ఏటా 2 చొప్పున తగ్గుతుంది. పదేళ్లకి 20. ట్రూస్ అయిపోయేసరికి 65 కాస్తా 45కి వచ్చింది, యాభైకి కింద. బెంగాల్ కోయలిషన్ కట్టాలన్నా ఇప్పుడు కట్టలేదు. ఈ పదేళ్లూ మీరు ఎక్కడున్నారు? దక్షిణాన రాజమహేంద్రవరం, కొండవీడు తీసుకుంటూ కూర్చున్నారు. అటువైపు వాళ్లకి కోపం పెరిగేసరికి వాళ్లని ఇదే పద్ధతిలో ట్రూస్‌లోకి లాగుతారు.

అంటే ఓడినవాడిని కాపాడటానికి రాసిన రూల్ గెలిచినవాడికి గొడుగు పట్టింది. ఇందులో మీరు ఏ రూల్ తప్పు అంటారు? ట్రూస్‌లో ఉన్నవాళ్లు కూడా కోయలిషన్‌లో చేరొచ్చు అని మార్చారనుకోండి, ప్రతి చిన్న యుద్ధం తర్వాతా నిన్న సంతకం పెట్టినవాడే ఇవాళ పదిమందిని వెంటబెట్టుకొచ్చి మీద పడతాడు, కొత్తగా ఆడేవాడు ఒక్క వారంలో ఆట తీసేసి పోతాడు. అందుకే ఇంతకాలంగా అందరికీ తెలిసినా దాన్ని ముట్టుకోలేదనుకుంటాను. నా మటుకు నేను దీన్ని లొసుగు అనడానికి కూడా వెనకాడతాను, ఎందుకంటే నిజం రాజులు కూడా చేసిందిదే, ఒకవైపు సంధి చేసుకునే ఇంకోవైపు దండెత్తేవాళ్లు. తేడా ఏమిటంటే నిజం రాజుకి ఆ సంధి నిలుస్తుందో లేదో తెలియదు. మనకి మౌస్ పెడితే గడువు తేదీ కనిపిస్తుంది.

రెండోది గుర్రపు దండుల సంగతి. ఈ ఆటలో రాజు తెలివితేటల్ని బట్టి నెలనెలా పాయింట్లు వస్తాయి, పాలనకి, దౌత్యానికి, యుద్ధానికి మూడు రకాలు. అందరికీ మూడు, దాని మీద రాజుని బట్టి సున్నా నుంచి ఆరు, సలహాదారులు ఉంటే ఇంకొంచెం. వీటిని ఆటగాళ్లు ముద్దుగా మానా అంటారు. గెలుచుకున్న భూమిని మీ సొంతం చేసుకోవాలంటే పాలన పాయింట్లు ఖర్చు, ఆ జిల్లా ఎంత అభివృద్ధి చెంది ఉంటే అంత ఎక్కువ. అంటే కత్తికి బ్రేకు కత్తి కాదు, గుమాస్తా. ఎన్ని యుద్ధాలైనా గెలవండి, రాసుకునేవాడు లేకపోతే మింగలేరు. నాకు ఈ ఆలోచన చాలా ఇష్టం, చరిత్రలో కూడా చాలావరకు నిజమే.

2015 డిసెంబర్‌లో కొసాక్స్ పేరుతో ఒక ఎక్స్‌పాన్షన్, అంటే పాత ఆటకి కలిపే కొత్త భాగం వచ్చింది. అందులో మధ్య ఆసియా గుర్రపు దండులకి ఒక ప్రత్యేక హక్కు ఇచ్చారు, గెలిచిన జిల్లాని తగలబెట్టొచ్చు, తగలబెడితే అభివృద్ధి తగ్గుతుంది, బదులుగా పాయింట్లు వస్తాయి. చరిత్రలో దండులు దోచుకునేవి, ఆటలోనూ దోచుకుంటాయి, సబబే. ఇప్పుడు బ్రేకు ఏమైందో చూడండి. గెలిచావు, తగలబెట్టావు, పాయింట్లు వచ్చాయి, అభివృద్ధి తగ్గింది కాబట్టి సొంతం చేసుకునే ఖర్చు కూడా తగ్గింది, మిగిలిన పాయింట్లతో పక్క జిల్లా మీదకి పోయావు. బ్రేకు తొక్కిన కొద్దీ బండి స్పీడు పెరుగుతోంది. మొత్తం ప్రపంచాన్ని జయించాలి అనుకునే పిచ్చోళ్లు, నాతో కలిపి, వరసగా దండుల్నే ఎంచుకోవడం మొదలెట్టారు. పాపం ఇంగ్లండ్‌తో ప్రపంచాన్ని గెలిచేవాడి కంటే ఓయిరాత్ అనే మంగోల్ తెగతో గెలిచేవాడికి పని తేలిక.

వీటికి భిన్నం 2021 ఏప్రిల్ 27న వచ్చిన లెవయతన్. పారడాక్స్ వాళ్లు స్పెయిన్‌లో పెట్టిన టింటో స్టూడియో మొదటి ఎక్స్‌పాన్షన్ అది. అందులో జిల్లాల అభివృద్ధిని పీకి రాజధానికి తరలించే బటన్ ఒకటి, ఓడినవాడి రాజధానిని దోచి మన రాజధానికి తెచ్చుకునే షరతు ఇంకొకటి పెట్టారు. జనం ఏం చేస్తారు, రాజ్యం మొత్తాన్ని ఎండగట్టి ఒక్క ఊరినే పెంచారు. దానికి తోడు లెక్కలేనన్ని బగ్గులు. గేములమ్మే స్టీమ్ సైట్‌లో రివ్యూలు ఘోరంగా వచ్చాయి, స్టూడియో పెద్ద క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. దీన్ని నేను తెలివైన లొసుగుల్లో కలపను. ఇది తొందరపాటు, అంతే, ముందుకు పోదాం.

హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 ఆడేవాళ్లు చేతులెత్తండి. ఆఁ, వెనకంతా వాళ్లే. ఇది 2016లో వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం ఆట. ఇందులో డివిజన్‌ని, అంటే ఒక పెద్ద సైనిక దళాన్ని మనమే కూర్చుకోవాలి, ఇన్ని పదాతి బెటాలియన్లు, ఇన్ని ఫిరంగులు అని. ఒక్కోదానికి వెడల్పు, అంటే యుద్ధభూమిలో అది పట్టే చోటు ఉంటుంది, పదాతికి 2, ఫిరంగికి 3. యుద్ధభూమి వెడల్పు మొదట్లో అన్ని చోట్లా 80 ఉండేది. ఏడు పదాతి, రెండు ఫిరంగులు కలిపితే 14, 6, మొత్తం 20. నాలుగు డివిజన్లు పెడితే 80 సరిగ్గా నిండుతుంది. దాన్ని రెట్టింపు చేస్తే 40, రెండు పెడితే చాలు. 20 లేదా 40. కొన్నేళ్ల పాటు ప్రపంచంలో ఏ దేశంతో ఎవడు ఆడినా సైన్యం ఇదే, జర్మనీ అయినా ఇథియోపియా అయినా.

ఎందుకు 40 మీద అంత మోజు? ఒక డివిజన్‌కి రక్షణ అంకె ఉంటుంది. దాని మీద పడే దెబ్బలు ఆ అంకె లోపల ఉన్నంత వరకు పదింటిలో ఒకటే తగులుతుంది. అంకె దాటిన దెబ్బలు మాత్రం పదింటిలో నాలుగు తగులుతాయి. రెండు చిన్న డివిజన్లు ఎవరికి వారు ఒక్కొక్కడిని ఎంచుకుని కొడితే ఎవడి రక్షణా ఖాళీ అవ్వకపోవచ్చు, అదే బలం ఒక్క పెద్ద డివిజన్‌లో ఉంటే మొత్తం దెబ్బంతా ఒక్కడి మీదే పడి వాడి రక్షణ తుడిచిపెట్టుకుపోతుంది. ఆపైన పడేదంతా నాలుగింతలు. ఏ సైనిక కళాశాలలోనూ ఈ పాఠం చెప్పరు, ఎందుకంటే ఇది యుద్ధం గురించి కాదు, గుణకారం గురించి.

స్పేస్ మెరీన్స్ అని ఆటగాళ్లు పేరు పెట్టిన డివిజన్ కూర్పు ఇంకోటి ఉంది. డివిజన్ కవచం లెక్క ఎలా కడతారంటే, అందులో అన్నిటికంటే గట్టి బెటాలియన్ కవచంలో 40 శాతం, మొత్తం సగటులో 60 శాతం, రెండూ కలుపుతారు. ట్యాంకు ఉంటే పక్కనున్న సిపాయికి కూడా కొంత అండ కదా, అది న్యాయమే. కానీ తొమ్మిది పదాతి బెటాలియన్లలో ఒక్క బరువైన ట్యాంకు బెటాలియన్ కలపండి. ట్యాంకు కవచం ఉదాహరణకి 60 అనుకోండి. సగటు 6. అరవైలో నలభై శాతం 24, ఆరులో అరవై శాతం 3.6, మొత్తం 27.6. పదో వంతు ట్యాంకులు పెట్టి సగానికి దగ్గరగా కవచం కొట్టేశారు. ఎదుటివాడి దగ్గర దాన్ని చీల్చే తుపాకులు లేకపోతే వాడు చేసే నష్టం సగానికి సగం పడిపోతుంది. కంప్యూటర్ ఆడే దేశాలకి ఈ సంగతి తట్టదు, మామూలు పదాతి పట్టుకుని వచ్చి చచ్చిపోతూ ఉంటాయి. మనుషులు మనుషులతో ఆడేటప్పుడు మాత్రం చాలా గుంపులు ముందే షరతు పెట్టుకుంటాయి, స్పేస్ మెరీన్స్ కుదరదు అని. కంపెనీ ప్యాచ్ కోసం ఎదురుచూడకుండా జనమే పంచాయితీ పెట్టి తీర్పు చెప్పేశారన్నమాట.

80 వెడల్పు సంగతిని కంపెనీయే 2021 నవంబర్‌లో నో స్టెప్ బ్యాక్ అనే ఎక్స్‌పాన్షన్‌తో మార్చింది. మైదానానికి ఒక వెడల్పు, అడవికి ఒకటి, కొండకి ఒకటి, ఊరికి ఒకటి పెట్టింది, ఏ ఒక్క అంకే అన్ని చోట్లా సరిగ్గా పట్టకుండా. మంచి మార్పే, నేను ఒప్పుకుంటాను. కానీ మర్నాటి నుంచి ఏం జరిగిందంటే, అన్ని భూముల సగటు మీద ఏ వెడల్పు తక్కువ నష్టపోతుందో కనుక్కోవడానికి జనం ఎక్సెల్ షీట్లు తెరిచారు. పాతవాళ్లకి కొత్త లెక్క దొరికింది. కొత్తగా వచ్చిన కుర్రాడికి మాత్రం ఇదివరకు 20 అనే ఒక్క అంకె గుర్తుంటే సరిపోయేది, ఇప్పుడు అదీ లేదు. లొసుగు పూడ్చిన ప్రతిసారీ ఆ పూడ్చిన మట్టి ఎక్కువగా కొత్తవాడి నెత్తినే పడుతుంది, ఇది నేను చాలా ఆటల్లో చూశాను.

క్రూసేడర్ కింగ్స్ 3 గురించి చెప్పకుండా వదిలితే మా మేనల్లుడు ఊరుకోడు. 2020లో వచ్చింది. ఇందులో మీరు రాజ్యం కాదు, వంశం. రాజు పోతే ఆస్తి కొడుకుల మధ్య పంపకం అవుతుంది, పెద్ద రాజ్యాలు అలా ముక్కలవ్వాలనే ఆ రూల్ పెట్టారు. ఆటగాడు ఏం చేస్తాడు? రెండో కొడుకు, మూడో కొడుకు పెద్దవాళ్లు కాగానే వాళ్లని యోధులుగా నియమించి, గెలిచే ఆశ లేని యుద్ధానికి పంపుతాడు. వీరమరణం పొందారని ఆట రాసుకుంటుంది. పెద్దవాడికి రాజ్యం చెక్కుచెదరకుండా దక్కుతుంది. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, అక్కయ్యా, ఇది విన్నాక మీ అబ్బాయిని ఆ ఆట ఆడనిస్తారా? ఇక్కడ కూడా అదే, వారసత్వం రూల్ బాగుంది, యోధుల రూల్ బాగుంది, తండ్రి ఇంత కసాయివాడు అవుతాడని రెంటిలో ఏదీ ఊహించలేదు.

మరి చరిత్ర ఇంతకంటే శుభ్రంగా నడిచిందా అంటే, మన ప్రాంతాన్నే చూడండి. ఉత్తర సర్కారుల్ని ఈస్టిండియా కంపెనీ కత్తితో కంటే ఎక్కువగా కాగితంతో తీసుకుంది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర ఫర్మానా రాయించుకుంది. ఇక్కడ ఆయన మాట వినేవాడు ఒక్కడూ లేడు ఆ రోజుల్లో, అయినా సంతకం ఆయనదే చెల్లుతుంది. భూమి పట్టులో ఉంచుకున్న నిజాం గొడవ చేస్తే 1766లో ఆయనతో ఇంకో ఒప్పందం, ఏటా ఇంత కడతాం అని. కిందికొస్తే ఇక్కడి జమీందార్లు మాకు ఎవరూ చెప్పలేదు అన్నారు, మన కిమిడి రాజు నారాయణదేవు 1768లో కంపెనీతో యుద్ధం చేసి ఓడిపోయాడు. చక్రవర్తికి భూమి రాసిచ్చే హక్కు ఉందన్నది ఒక రూల్, పన్ను వసూలు చేసేవాడిదే భూమి అన్నది ఇంకో రూల్. కంపెనీ ఆ రెండూ కలిసే చోట నిలబడింది.

తమాషా ఏమిటంటే, యూరోపా యూనివర్సాలిస్ 4లో ఈ పని చేయలేరు. ఆటలో ఒక జిల్లాకి ఒక్కడే యజమాని. పేరు ఒకడిది, పన్ను ఒకడిది, కత్తి ఇంకొకడిది అన్న పరిస్థితికి అందులో చోటు లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన ఊరు ఒడిశాకి, మన జమీందారీ ఎస్టేటులో చాలా గ్రామాలు మద్రాసుకి పోయాయి, అలాంటిది కూడా అందులో కుదరదు, జిల్లా మొత్తం ఇటో అటో పోవాల్సిందే. ఆటగాళ్లు వాడే లొసుగులు అందరికీ కనిపిస్తాయి, యూట్యూబ్‌లో వీడియోలు వస్తాయి. ఆట ఒప్పుకోని చరిత్ర మీద వీడియోలు రావు. నాకు రెండోదే ఎక్కువ ఆసక్తి.

ప్రశ్నలు అడగండి. ఆఁ, గాంధీ గారి సంగతా? ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. సివిలైజేషన్ ఆటలో గాంధీ అణుబాంబులు వేస్తాడు, ఎందుకంటే ఆయన కోపం అంకె 1 ఉండేది, ప్రజాస్వామ్యంలోకి వస్తే రెండు తగ్గాలి, సున్నా కిందకి పోలేక గిర్రున తిరిగి, కంప్యూటర్ ఆ అంకెకి ఇచ్చిన చోటులో పట్టే అతి పెద్ద విలువ 255 అయింది అని ఒక కథ ఉంది. చాలా అందమైన కథ. 1991 నాటి మొదటి ఆటలో అలాంటి బగ్ లేనే లేదని ఆ ఆట తయారు చేసిన సిడ్ మైయర్ 2020లో తన ఆత్మకథలో రాశాడు. కానీ 2010లో వచ్చిన అయిదో ఆటలో మాత్రం తయారు చేసినవాళ్లే సరదాకి గాంధీకి అణుబాంబుల మీద మోజు కావాలనే ఎక్కువ పెట్టారు. కాబట్టి ఇంటర్నెట్‌లో చదివిన ప్రతి లొసుగూ ఉందనుకోవద్దు, ఆట తెరిచి మీరే పరీక్షించండి.

తర్వాత. లొసుగు వాడి గెలిస్తే గెలిచినట్టేనా అని చెల్లెమ్మ అడుగుతోంది. ఒక్కదానివే ఆడుకుంటుంటే నీ ఇష్టం అమ్మా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. నేను చూసేది ఒక్కటే, ఆ పని ఒకసారి చేస్తే సరదాగా ఉందా, లేక గెలవాలంటే ప్రతి పదేళ్లకీ అదే పని చేయాల్సి వస్తోందా అని. ట్రూస్ లెక్క నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది, ఎందుకంటే పొత్తులు ప్రతిసారీ వేరేగా ఉంటాయి. 40 వెడల్పు మూడో రోజుకే విసుగొచ్చింది.

కొత్త ఆట, యూరోపా యూనివర్సాలిస్‌లో అయిదోది, 2025 నవంబర్‌లో వచ్చింది కదా, అందులో ఎలా అంటున్నావా? అది 1337లో మొదలవుతుంది. ఆ ఏడు ఒడిశాలో ఉన్నది సాక్షాత్తూ గంగవంశమే, మాస్టారు సంతోషించాలి. జనాభాని అంకెగా కాకుండా మనుషులుగా లెక్కపెట్టే ఆట అది, కాబట్టి లొసుగులు కూడా కొత్త రకంవి వస్తాయి, అది ఇంకో సాయంత్రం మాట్లాడుకుందాం. ప్రొజెక్టర్ కేబుల్ వచ్చిందట. పాత ఆటలో కపిలేంద్రుడిగా ఆడి దాచుకున్న సేవ్ ఒకటి తెరుస్తాను, బెంగాల్ ఏఈ 63 మీద ఉంది, ఇద్దరు మిత్రులున్నారు దానికి. ముందు ఎవరి మీద యుద్ధం ప్రకటించాలో మీరు చెప్పండి.